షట్టరు కింద చోటు

ఆవిరి గొట్టం పగిలి చెల్లెలి మొహం కాలిపోతుంటే, ఇస్త్రీ అక్క షట్టరును రెండు చేతులా బాదింది. బయట తాళం. తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో, సూపర్‌వైజర్ టీ బల్ల దగ్గర. కూలీలు దుప్పట్లు ఎత్తుకుపోతారని పని మొదలవగానే బయటినుంచి తాళం వెయ్యడం ఆ లాండ్రీ పద్ధతి. వాడు తీరిగ్గా వచ్చి తీసేసరికి చెల్లెలికి ఒక కన్ను పోయింది.

మర్నాడు పొద్దున అక్క అందరి ముందూ నోరు విప్పింది. "తాళం వెయ్యనంటేనే పని."

యజమానికి ఒళ్లు మండింది. కానీ ఆయన భక్తిపరుడు మరి! రోజూ ప్రార్థన అయితేగాని మోటారు వెయ్యనివ్వడు. "బైబిల్లో తిరుగుబాటు గురించి చదవండి" అని ఆ ప్రార్థన చేయించే పాస్టరును పురమాయించాడు. పాస్టరు ఉండేది యజమాని ఇచ్చిన ఇంట్లోనే. తలవంచుకుని చదివాడు, తిరుగుబాటు చేయవద్దని.

"విన్నారుగా? అది పాపం!" అన్నాడు యజమాని.

అక్క పాస్టరు వైపే చూసింది. "మీరు బైబిలు రాసిన హెబ్రీ భాష చదువుకున్నారంటగా అయ్యగారూ. ఆ మాటకి అర్థం పాపమేనా?"

పాస్టరుకు ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. చెమట తుడుచుకున్నాడు.

"మారద్ అంటారమ్మా. ఏలేవాడికి ఇక లొంగనని నిలబడటం. దేవుడి మీదయితే పాపమే. కానీ ఒక చిన్న రాజు తనని ఏలే అష్షూరు చక్రవర్తికి ఊడిగం చెయ్యనన్నాడు. అక్కడా అదే మాట. ఆ చిన్న రాజుకి దేవుడు తోడున్నాడని రాసుంది."

"మరి మా మీద తాళం వేసింది దేవుడా, ఈయనా?" అని అడిగాడు ఉతుకు బావ. అందరూ గొల్లున నవ్వారు.

మడతల పిన్ని మాత్రం నవ్వలేదు. "పిల్లలున్నారే. మన కడుపు మనమే కొట్టుకుంటామా?"

"లోపల ఆవిరి, బయట ఆకలి. ఎటు పొమ్మంటావో నువ్వే చెప్పు పిన్నీ" అంది అక్క.

  

"పని చేసేవాళ్లు లోపలికి! మిగతావాళ్లు బయటికి! షట్టరు దించేయ్!" యజమాని కేక పెట్టాడు.

అక్క లోపలికీ పోలేదు, బయటికీ పోలేదు. గడప మీద చతికిలబడింది. సూపర్‌వైజర్ లాగిన షట్టరు వచ్చి ఆమె భుజం మీద ఆగింది. ప్రాణం పోయినంత నొప్పి. అయినా కదల్లేదు. ఉతుకు బావ పరుగున వచ్చి పక్కన కూర్చుని షట్టరుకు భుజం ఆనించాడు. ఒక్కొక్కరే వచ్చి గడపంతా నిండిపోయారు.

పోలీసులు వచ్చి ముందు అక్కనే ఈడ్చుకెళ్లారు. జీపులోంచి ఆమె మెడ తిప్పి చూసింది. ఆమె లేచిన చోట మడతల పిన్ని ఏడుస్తూనే కూర్చుంది. యజమాని పాస్టరు చొక్కా పట్టుకుని, ఇల్లు ఖాళీ చెయ్యమని అరుస్తున్నాడు.

పాస్టరు చొక్కా విడిపించుకుని గడప దగ్గరికి వచ్చాడు.

"కాస్త జరుగు తల్లీ" అన్నాడు.

పిన్ని జరిగింది.