సీతాలుకి దక్కని గంట

“గారెలు వేడివేడిగా ఆకులో పడాల. బేగి కానీయే దుర్గా, పెద్దోడు ఆకు ముందు కూకున్నాడు,” అంది అత్తగారు అప్పలకొండమ్మ, వంటింటి గుమ్మంలోంచి.

మామగారి తద్దినం. ఆ రోజు గారెలు పెద్దకోడలి చేత్తోనే వేయాలని ఆ ఇంటి ఆనవాయితీ. పెద్దకోడలు సీతాలు దసరాకి ముందు పోయింది. గరిటె చిన్నకోడలు వెంకటదుర్గ చేతికొచ్చింది. బడికి సెలవు పెట్టి, పప్పు రుబ్బి, పొయ్యి ముందు నిలబడింది.

నూనె కాగుతుంటే విశాఖ ఆసుపత్రి గుర్తొచ్చింది. సీతాలు రొమ్ములో గడ్డకి అక్కడ కొత్త చికిత్స ఒకటి ప్రయోగంగా చేసేవారు. నర్సీపట్నం నుంచి బస్సులో దుర్గే తోడు వెళ్లేది. సైన్సు టీచరు కనక తనే విడమరిచి చెప్పేది. “మందుని కొవ్వులాంటి సన్నటి పొరలో పెట్టి నరంలోకి ఎక్కిస్తారక్కా. గడ్డ దగ్గర పైనుంచి కాస్త వేడి తగిలిస్తే, ఆ పొర అక్కడ కరిగి మందు వదులుతుంది.”

“ఓసోసి, మా ఏటికొప్పాక బొమ్మల లక్కేనేటే!” అని నవ్వింది సీతాలు. “తిరిగే కొయ్యకి ఎక్కడ ఆనిస్తే అక్కడే కరిగి అట్టుకుంటాది. ఇంతోటిదానికి అంత సదువెందుకే?”

వేడి పరికరం పెట్టి గంటసేపు కదలకుండా పడుకోమనేవారు. మొదటిసారి లేచి చీర సర్దుకుంటూ ఆవిడ అన్న మాట దుర్గ ఎవరికీ చెప్పలేదు. “పెళ్లైన కాణ్ణుంచీ పొయ్యి కాడే ఉన్నానే. నా కోసం ఎవులైనా వేడి ఎట్టడం ఇదే మొదలు.”

తరవాతి విడత నిరుడు మామగారి తద్దినం రోజునే పడింది. ఒక్కటి తప్పినా ప్రయోగంలోంచి తీసేస్తామని డాక్టర్లు ముందే అన్నారు. ఆ మాట దుర్గ ఇంట్లో అందరి ముందూ చెప్పింది.

“ఆస్పత్రి ఎక్కడికీ పోదు కదమ్మా. నాన్నకి ఏడాదికి ఒక్క పూట,” అన్నాడు సీతాలు భర్త, బావగారు జగదీశ్వరరావు, పేపరు దించకుండా.

“గారెలు నేను వేస్తాను,” అంది దుర్గ.

“పెద్దకోడలు ఉండగా నువ్వేత్తే పెద్దలు ముట్టరే,” అంది అత్తగారు.

“నీకెందుకు, ఊరుకో,” అన్నాడు భర్త మౌళి.

సీతాలు ఎవరి మొహమూ చూడకుండా వెళ్లి పప్పు నానబోసింది. విడత తప్పింది, ప్రయోగంలోంచి పేరు తీసేశారు. ఆ వానాకాలానికి జబ్బు ఊపిరితిత్తులకి పాకింది. ఆ మందు ఆవిణ్ణి బతికించేదో లేదో దుర్గకి తెలియదు. ఇంక తెలిసే దారీ లేదు.

“దుర్గమ్మా, సల్లారినవి ఎయ్యకమ్మా!” హాల్లోంచి బావగారి గొంతు. “మీ అక్కైతే ఒక్కొక్కటే తెచ్చేది, పొగలు కక్కుతూ.”

దుర్గ పొయ్యి ఆపేసింది. చేతులు కడుక్కుని, పీట వాల్చుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“ఏటే, ఆపేసినావు? అక్కడ ఆకు ఖాళీగా ఉంది!”

“ఆ రోజు అక్కకి దక్కని గంట ఇదత్తయ్యా,” అంది దుర్గ. “అయ్యేదాకా లేవను.”