దారికి తూర్పున

మండలాలు వచ్చిన ఏడాది ఎండాకాలమంతా ఉమాపతికి తలెత్తే తీరిక లేకపోయింది. అతను నూజివీడు తాలూకా ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. తాలూకాలు రద్దయ్యాయి కాబట్టి పాత పటాలు పక్కన పెట్టి, మండలానికొకటి చొప్పున కొత్తవి గీయాలి. ఒక ఊరివాళ్లు వచ్చి తమను చాట్రాయి మండలంలో కలపమనేవారు. మర్నాడు అదే ఊరినుంచి ఇంకొందరు వచ్చి వద్దనేవారు. పొద్దున గీసిన సరిహద్దు సాయంత్రం చెరపాల్సి వచ్చేది. ఇంటికొచ్చేసరికి కళ్లు మండిపోయేవి. భార్య సౌభాగ్యలక్ష్మి తడిగుడ్డ ఇస్తే కళ్లమీద వేసుకుని, మాటా పలుకూ లేకుండా పడుకునేవాడు.

ఒక శనివారం అలాగే పడుకుని అన్నాడు.

"గోడమీది పటం సోమవారం తీసేస్తారట."

"ఏ పటం?"

"తాలూకా పటం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను గీసింది." కళ్లమీది గుడ్డ తీసి, "అందులో మన రమణ ఉన్నాడు" అన్నాడు.

సౌభాగ్యలక్ష్మి చేతిలో పని ఆగిపోయింది. ఆ పేరు ఆ ఇంట్లో వినబడి ఇరవై ఏళ్లు దాటింది.

రమణ వాళ్ల మొదటి బిడ్డ. ఏడాదిన్నర వయసులో, చాట్రాయిలో అమ్మమ్మగారింట్లో ఉండగా జ్వరం ముదిరింది. శ్రావణమాసం, ముసురు. ఎడ్లబండి కట్టించి నూజివీడు ఆసుపత్రికి బయల్దేరారు. దారిలో వాగు పొంగి ఉంది. నీళ్లు తీస్తాయేమోనని గట్టున ఆగారు. అక్కడే పిల్లాడు పోయాడు. ఉమాపతీ, బండి తోలే పరదేశి అనే అతనూ కలిసి ఆ దగ్గర్లోనే పాతిపెట్టి వచ్చారు. ఆమె మొహాన కొంగు కప్పుకుని బండిలోనే ఉండిపోయింది. ఎక్కడ అని ఆమె అడగలేదు. అతనూ చెప్పలేదు. తర్వాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, పెరిగారు, అత్తవారిళ్లకు వెళ్లిపోయారు.

పిల్లాడు పోయిన మరుసటి ఏడు ఉమాపతికి తాలూకా పటం గీసే పని పడింది. వాగు గీశాక, దాని పక్కన సన్నని చుక్క ఒకటి పెట్టాడు. అక్కడ ఊరు లేదు, గుడి లేదు. ఆ చుక్కకు పేరూ రాయలేదు. పై అధికారులు ఎందరో ఆ పటం ముందు నిలబడ్డారు గాని ఇదేమిటని అడిగినవాళ్లు లేరు. ఎన్నో పటాలు గీసినా, ఆఫీసులోకి రాగానే అతని చూపు మాత్రం దానిమీదికే పోయేది.

"నేనోసారి చూడొచ్చా అండీ?" అంది సౌభాగ్యలక్ష్మి.

ఆదివారం ఉదయం ఆరోగ్యం అనే అటెండరు ఆఫీసు తలుపు తీసి పెట్టాడు. పటం పసుపురంగుకు తిరిగి, మడతల దగ్గర చిట్లి ఉంది. సౌభాగ్యలక్ష్మి కళ్లద్దాలు పెట్టుకుంది. ఉమాపతి వేలితో చూపించాడు.

"ఇది నూజివీడు. ఇదిగో చాట్రాయి రోడ్డు. ఇది వాగు. దాటగానే, ఇదీ."

ఆమె చాలాసేపు చూసింది.

"రోడ్డుకి ఏ పక్కనండీ ఇది?"

"తూర్పున."

"అంటే, మనం ఇక్కణ్ణుంచి వెళ్తుంటే?"

"కుడిచేతి వైపు."

ఆమె పక్కనున్న బల్లమీద కూర్చుండిపోయింది.

"నేను ఎడంపక్క అనుకున్నాను. అక్కడో పాత మామిడితోట ఉంది చూడండి, అందులో అనుకున్నాను. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా బస్సు వాగు దాటగానే అటు తిరిగి దణ్ణం పెట్టుకునేదాన్ని."

"నువ్వటు చూడ్డం గమనించాను. మామిడి కాపు చూస్తున్నావనుకున్నాను."

"పక్కనే కూర్చునేవారు కదా. ఒక్కమాట చెప్పలేకపోయారా?"

"నువ్వు అడగలేదు. మనసు కుదుటపడ్డదాన్ని మళ్లీ కదపడం ఎందుకనుకున్నాను."

"కుదుటపడటమా!" అంది ఆమె. అందులో కోపం లేదు. కోపం తెచ్చుకునే ఓపిక ఆమెకు లేదు. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "ఇప్పుడు బస్సుందా?" అంది.

మిట్టమధ్యాహ్నం వాగు దగ్గర దిగారు. వాగులో ఇసుక తప్ప నీళ్లు లేవు. ఒకప్పుడు తూర్పువైపంతా తుప్పలుండేవి. ఇప్పుడు వరసలుగా మామిడిచెట్లున్నాయి. చెట్లకింద కోసిన కాయ రాసులుగా పోసి ఉంది. కాపలా ఉన్న ఇన్నయ్య ఎదురొచ్చాడు.

"కాయ బేరానికా అండీ?"

"కాదయ్యా. కాసేపు కూర్చుని పోతాం" అన్నాడు ఉమాపతి.

ఇన్నయ్య ఇద్దరి మొహాలూ చూసి, "కుండలో నీళ్లున్నాయి, తాగండి" అని అవతలికి వెళ్లాడు.

ఉమాపతి చెట్లమధ్య తిరిగాడు. పాతిపెట్టిన రోజు గుర్తుకోసం చూసుకున్న రెండు తాడిచెట్లూ లేవు. ఒకచోట ఆగాడు, తల అడ్డంగా ఊపి ఇంకోచోటికి నడిచాడు. చివరికి చొక్కా తడిసిపోయి, ఎండలోనే నిలబడిపోయాడు.

"తెలీడం లేదు సౌభాగ్యం. పటంలో అయితే కళ్లు మూసుకుని చూపిస్తాను. ఇక్కడ తెలీడం లేదు."

అంటూనే ఏడ్చేశాడు. ఆనాడు కూడా అతను ఏడవగా ఆమె చూడలేదు. చెయ్యి పట్టుకుని నీడలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"పోనీలెండి. ఈ పక్కనని తెలిసింది కదా."

దున్ని ఉన్న మట్టిమీద అరచెయ్యి ఆనించి ఆమె చాలాసేపు కూర్చుంది.

"చాట్రాయి మండలం పటం నేనే గీస్తున్నాను. అందులోనూ ఆ చుక్క పెట్టమంటావా?" అని అడిగాడు ఉమాపతి.

ఆమె ఆలోచించింది. "వద్దండీ. ఇంకా ఎందాక మోస్తారు? మీకూ వయసు మీదపడుతోంది."

అతను సరేనన్నాడు. తర్వాతి వారం గీసిన పటంలో వాగు ఉంది, రోడ్డు ఉంది, అంతే.

తోటకు వెళ్లిన ఆ ఆదివారం సాయంత్రం బస్సులు కిక్కిరిసి వచ్చి ఆగకుండా పోయాయి. ఇన్నయ్య తోటలో కాయ ఎత్తుకున్న లారీని ఆపి ఇద్దర్నీ డ్రైవరు పక్కన ఎక్కించాడు. కాళ్లు పీకుతున్నాయని సౌభాగ్యలక్ష్మి చెప్పులు విడిచి కూర్చుంది. కొంతదూరం పోయాక తనే మాట్లాడింది.

"వాడికి మాటలొచ్చాయి, తెలుసా మీకు? బండి కనబడితే చాలు, బం బం అనేవాడు. అప్పుడు మీరు క్యాంపులో ఉన్నారు."

"తెలీదు" అన్నాడు ఉమాపతి. "ఇంకా ఏమనేవాడు?"

లారీ చప్పుడుకి వినబడదని ఆమె అతని చెవి దగ్గరికి జరిగింది.

"మా నాన్నగారు సంధ్యావందనానికి కూర్చుంటే ఎదురుగా చేరి, ఆ చెంబు ఇటివ్వమని గోల చేసేవాడు. ఇస్తే నెత్తిన పోసుకునేవాడు. మా అమ్మ తిడుతుంటే నవ్వేవాడు."