కాస్త మొగ్గు

మా అక్కకి మొండితనం ఎక్కువ, నాకు నోరు ఎక్కువ. ఈ పెట్టుబడితోనే ఇద్దరం లోహపు ముక్కల్ని కోసి చెక్కే మిల్లింగ్ షాపు నడుపుతున్నాం. ఇన్నాళ్లూ యంత్రం హ్యాండిళ్లు తిప్పింది అక్కే. తిప్పీ తిప్పీ కుడి మణికట్టు పాడైంది. ఇంకా తిప్పితే ఆ చెయ్యి దేనికీ పనికిరాదని డాక్టరు తేల్చేశాడు. పని మానుకోమంటే అక్కకి ప్రాణం తీసినట్టే. అందుకని ఆ పాత యంత్రానికే మోటార్లు బిగించి, కంప్యూటర్ తగిలించి, తనంతట తానే కదిలేలా చేశాను.

పక్కలకీ, ముందువెనకలకీ వెన్నలా కదిలింది. పైకీ కిందికీ మాత్రం చుక్కలు చూపించింది. కట్టర్‌ని పట్టుకునే హెడ్ మా ఇద్దరి కంటే బరువు. దాన్ని ఎత్తలేక మోటారు మూలిగేది. ఒకరోజు ఉన్నట్టుండి కరెంటు పోయింది. పట్టు తప్పిన హెడ్ దబ్బున జారి, కట్టర్‌ని విరిచి, బల్లకి గుంట పెట్టింది. క్షణం ముందే అక్క అక్కణ్ణుంచి చెయ్యి తీసింది.

"ఇంకోసారి ఇలా జరిగితే దీన్ని పాత ఇనుము కింద అమ్మేస్తా. నేనూ ఇంట్లో కూర్చుంటా," అంది. అక్క నోట అలాంటి మాట అంతకుముందెప్పుడూ వినలేదు. నాకు భయమేసింది.

ఉపాయం కొత్తదేం కాదు, లిఫ్టులకి వాడేదే. హెడ్‌కి ఇనుప తాడు కట్టి, కప్పీల మీదుగా వెనక్కి దించి, చివర ఒక ఇనుప పెట్టె వేలాడదీశాం. అందులో సీసం పలకలు పేర్చాలి. ఎన్ని పేర్చాలన్న దగ్గర మా ఇంటి జబ్బు బయటపడింది. చిన్నప్పుడు అమ్మ పండు కోసి ఇస్తే, రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి కొలవందే తినేవాళ్లం కాదు. హెడ్ బరువెంతో పెట్టె బరువూ సరిగ్గా అంతే ఉండాలని ఇద్దరం పట్టుబట్టాం. పలకలు చాలక ఆఖర్న వాషర్లు కూడా వేశాం.

హెడ్‌ని ఎత్తీ దించే పొడవాటి స్క్రూ నుంచి దాన్ని విడదీసి, "ఎత్తి చూడవే అక్కా," అన్నాను.

అక్క చూపుడువేలు ఆనించింది. అంత ఇనుమూ చప్పుడు లేకుండా పైకి లేచింది. వేలు తీస్తే అక్కడే నిలబడింది. నొక్కితే దిగి, అక్కడా నిలబడింది. లెక్క నాదే, కట్టిందీ నేనే, అయినా ఒళ్లు జలదరించింది. అంత బరువూ కళ్లెదుట ఉండి కూడా లేనట్టే ఉంటే దణ్ణం పెట్టాలనిపించింది.

"దీనికేదో దెయ్యం పట్టిందే," అని నవ్వింది అక్క.

మళ్లీ స్క్రూ బిగించి ఒక ముక్క కోశాం. కట్టర్ టకటకా కొట్టుకుంది. నున్నగా రావాల్సిన లోహం మీద అలలు తేలాయి. ఇంకోటి కోస్తే మళ్లీ అలలే. నాకు ఒళ్లు మండింది. కంప్యూటర్‌ని తిట్టాను, మోటారుని తిట్టాను, వాటి వంతు అయ్యాక అక్కని అందుకున్నాను.

అక్క వినిపించుకుంటేగా! హెడ్‌ని పట్టుకుని మెల్లగా కదిపింది. వెంట్రుకవాసి పైకి, వెంట్రుకవాసి కిందికి ఆడింది. స్క్రూలో ఆ మాత్రం వదులు ముందునుంచీ ఉన్నదే. ఇదివరకు హెడ్ తన బరువుతో ఒక వైపే ఆనుకుని ఉండేది. ఇప్పుడు ఎటూ ఆనుకోకుండా తేలుతోంది.

"దీనికి మొగ్గు లేదే," అంది అక్క. "కొట్టువాడు త్రాసు సరిసమానంగా నిలబెడితే ఊరుకుంటామా? కాస్త మొగ్గు చూపించవయ్యా అంటాం. దీనికీ కిందివైపు కాస్త మొగ్గుండాలి."

"కాస్తంటే ఎంత?"

"ఆనుకునేంత. పడిపోయేంత కాదు."

వాషర్లు తీశాం. పలకలు ఒక్కొక్కటే తీస్తూ పోయాం. తీసినప్పుడల్లా అక్క హెడ్‌ని కదిపి చూసి, ఒకచోట చాలంది. ఈసారి కట్టర్ గొణగలేదు. కోసిన ముక్కలో మా కిటికీ కనిపించింది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ అలాగే నిలబడిపోయాను.

కట్టర్ తిరగడం ఆగాక అక్క తన కుడిచేతిని దాని కింద, బల్లమీద పరిచింది.

"ఇప్పుడు కరెంటు తీసెయ్," అంది.

"నీకేమైనా పిచ్చా? ఏదైనా చెక్క పెట్టి చూద్దాం!"

"రేపట్నుంచి ముక్కలు బిగించడానికి దీని కింద ఉండేది చెక్క కాదే, ఈ చెయ్యే. నీకు నమ్మకం లేకపోతే చెప్పు, ఇప్పుడే మానేద్దాం."

నా లెక్క మీద నాకు నమ్మకముంది. అక్క చెయ్యి పణం పెట్టేంత ఉందా అన్నది అప్పటిదాకా ఎవరూ అడగలేదు. స్విచ్ మీద వేలు పెట్టాను. కళ్లు మూసుకుని నొక్కేశాను.

హెడ్‌ని పట్టి ఉంచిన మోటారు మోత ఆగింది. ఏదీ పడలేదు. కళ్లు తెరిచేసరికి హెడ్ ఉన్నచోటే ఉంది, దాని కింద అక్క చెయ్యీ ఉంది. పరుగున వెళ్లి ఆ చేతిని లాగబోయాను. అక్క తియ్యలేదు. తల పైకెత్తి, కదలని ఆ హెడ్‌ని కళ్లార్పకుండా చూస్తూ, "రేపు మొదట చెయ్యాల్సిన పనేంటే?" అని అడిగింది.