మానేసిందా, తీసేశారా

భృతి ఆఫీసు కౌంటర్ ముందు కుర్చీలో కూర్చుని చిన్నకోడలు ఫైలు బొత్తాం మళ్లీ నొక్కింది. టిక్.

"ఆ టిక్కుటిక్కు ఆపవే, నా బుర్రలో మేకు దిగుతోంది" అంది పెద్దకోడలు.

ఫైలు చూస్తేనే ఆమెకి ఒళ్లుమంట. ఆకుపచ్చ ప్లాస్టిక్ ఫైలు, లోపల నలగని కాగితాలు, అన్నిటికీ పైన కంపెనీ మూతపడినప్పుడు ఇచ్చిన లెటరు. అది చూపించి చిన్నది ఆరు నెలలుగా నిరుద్యోగ భృతి తీసుకుంటోంది. ఇంట్లో అత్తగారు మొదలుకొని అందరూ దాన్నే మెచ్చుకుంటారు. ఉద్యోగం పోగొట్టుకోవడంలో కూడా దానికో పద్ధతి ఉందట!

పెద్దదానికి ఆ పద్ధతి దక్కలేదు. ఇరవై రెండేళ్లు యూనిఫారాల కార్ఖానాలో కాలర్లు కుట్టింది. కుడి భుజం రెండు వేళ్ల మేర కిందికి జారిపోయింది. పోయిన మంగళవారం మిషన్ సూది చూపుడువేల్లో దిగి, తెల్ల చొక్కా మీద శనగగింజంత రక్తపు మరక పడింది. సూపర్‌వైజర్ వచ్చి ఆమె మిషన్‌లోంచి దారపు బాబిన్ ఊడదీసి చేతిలో పెట్టాడు. ఆ కార్ఖానాలో అదే తీసేసినట్టు ఉత్తర్వు. లెటరు లేదు, సంజాయిషీ లేదు. చేతిలో బాబిన్ పడిందంటే గేటు దాకా నడవడమే. తమంతట తాము మానేసేవాళ్లు బాబిన్ మిషన్‌లోనే వదిలేసి వెళ్తారు.

ఇంటికొచ్చి మాత్రం, "ఆ ఉద్యోగం వాడి మొహాన కొట్టొచ్చా!" అని చెప్పింది. చిన్నదాని ముందు తీసేశారని చెప్పడానికి నోరెలా వస్తుంది?

ఇప్పుడు భృతి ఆఫీసులో ఆ మాటే అడ్డం పడింది. ఫారం నింపింది చిన్నదే మరి.

గుమాస్తా కళ్లజోడు పైకి నెట్టాడు. "మీ అంతట మీరే మానేసినట్టు రాశారు. తీసేసినవాళ్లకేనమ్మా భృతి. మానేస్తే రాదు."

"అదేం న్యాయమండీ?" చిన్నది అందుకుంది. "మా అక్క తలొంచే మనిషి కాదు. నన్ను తీసేసిన రోజు నేను కుక్కిన పేనులా లెటరు పుచ్చుకుని థాంక్స్ కూడా చెప్పా. అక్క నాలుగు దులిపి మరీ వచ్చింది. ఆ ధైర్యం నాకుంటేనా!"

పెద్దది తలతిప్పి చూసింది. చిన్నదాని కళ్లలో కుళ్లు. నిఖార్సైన కుళ్లు. ఆమె గుర్తుపట్టింది, ఆరు నెలలుగా అద్దంలో చూస్తున్నదే కదా. తోడికోడళ్లయిన పదిహేనేళ్లలో చిన్నది తనని చూసి కుళ్లుకోవడం ఇదే మొదటిసారి. అదీ ఒక అబద్ధానికి! అయినా తియ్యగానే ఉంది. ఇంకాసేపు ఉంచుకోవాలనిపించింది.

ఉంచుకుంటే ఎవరికి లాభం? కార్ఖానా వాడికి. రక్తం ఈమెదే, మరక ఈమెదే. నోరు మూసుకోవడం కూడా ఈమె వంతే అయితే వాడికింకేం కావాలి?

గుమాస్తా ఫారం పక్కకి తోస్తున్నాడు.

పెద్దది సంచిలోంచి బాబిన్ తీసి కౌంటర్ మీద పెట్టింది.

"తీసేశారు."

"అక్కా?"

"ఏ తప్పుకి?" గుమాస్తా అడిగాడు.

"చొక్కా మీద నా రక్తం పడింది."

"మీరేమన్నారు?"

ఆమె చిన్నదాని వైపు చూడలేదు. "ఉతికి ఇచ్చేస్తా, ఈ ఒక్కసారికి వదిలెయ్యండి బాబూ అన్నా. కాళ్లు పట్టుకున్నా."

గుమాస్తా బాబిన్‌ని వేలితో దొర్లించాడు. "ఈ నెలలో ఇది మూడోది" అన్నాడు. ఫారంలో చిన్నదాని గుండ్రటి అక్షరాల మీద ఎర్ర గీత గీసి, పక్కన 'తొలగించారు' అని రాసి, ముద్ర వేశాడు. "వస్తుందమ్మా. ఇక్కడ సంతకం పెట్టండి."

కట్టు కట్టిన వేలితో ఆమె సంతకానికి చాలాసేపు పట్టింది.

"నువ్వూ అంతేనా అక్కా" అని వెనక ఎవరితోనూ కానట్టు చిన్నది అనడం వినపడింది. పెద్దది వెనక్కి తిరిగేసరికి గాజుతలుపు ఊగుతోంది. అవతల చిన్నది తలొంచుకుని బస్టాపు వైపు నడిచిపోతోంది.

ఖాళీ కుర్చీలో ఆకుపచ్చ ఫైలు. బొత్తాం పెట్టలేదు, లెటరు అంచు ఫ్యాను గాలికి కొట్టుకుంటోంది.