పన్నెండో గడిలో రాసిన మాట

నేను ఒక నాలుగు పేజీల పోలీసు విచారణ ఫారాన్ని. నా ఒంటి మీద అబద్ధం రాసినవాడు జిరాక్సు షాపు తమరాన సూరిబాబు. వాణ్ణి నేను క్షమించను.

ప్రభుత్వ అచ్చాఫీసులో పుట్టాను. "నిజం దాచినవారు ఉద్యోగానికి అనర్హులు" అని నా నుదుటి మీదే అచ్చేశారు. పెళ్లి శుభలేఖలో తమ పేరు ఏ వరసలో ఉందో వెతికి మరీ చదివే మనుషులు, ఇలాంటి వాక్యాన్ని మాత్రం చూడకుండా దాటేస్తారు.

నన్ను తెచ్చుకున్నవాడు వెల్డరు గనగళ్ల ఎర్రయ్య. నౌకా స్థావరం కట్టడానికి అతని పొలం తీసుకున్నారు. పరిహారం డబ్బు వద్దు, లోపల ఉద్యోగం చాలని సంతకం పెట్టాడు. పోలీసు విచారణలో నెగ్గితేనే ఆ ఉద్యోగం. ఏడో తరగతితో బడి మానేసినవాడు కనుక నింపిపెట్టమని నన్ను సూరిబాబు బల్ల మీద పరిచాడు.

నా మూడో పేజీలోని పన్నెండో గడిలో, ఎప్పుడైనా కేసు నమోదైందా, రాజీ అయినా రాయండి, అని ఉంది.

"కొళాయి కాడ నీళ్ల తగువులో పక్కింటి పాపయ్యని సెంప మీద కొట్టినాను కదా, కేసయ్యింది" అన్నాడు ఎర్రయ్య.

"అది లోకదాలత్‌లో రాజీ అయిపోనాది కదేటి మావా. ఇప్పుడెందుకు కెలుక్కోడం? నేదని రాసెత్తాను."

రాసేశాడు. అది మొదలు నాకు వణుకే. ఫైల్లో ఎవరి బొటనవేలు మూడో పేజీ దాకా వచ్చినా ముడుచుకుపోయేవాణ్ణి. ఎర్రయ్యకూ భయమే. మూడు నెలలు కల్లు ముట్టలేదు, ఎవరితోనూ గొంతు పెంచలేదు. విచారణ రోజున అతని నడత గురించి ఇరుగుపొరుగు సాక్ష్యం చెప్పడానికి స్టేషన్‌కు వచ్చింది ఎవరనుకున్నారు? పాపయ్యే.

"మంచోడేనమ్మా. కొడితే కొట్టినాడు" అన్నాడు.

హెడ్ కానిస్టేబుల్ ఆదిలక్ష్మి చెయ్యి ఆగింది. పాత రిజిస్టరు తెప్పించింది. వేలు తడి చేసుకుని ఒక్కో పేజీ తిప్పుతుంటే, ఎర్రయ్య గడ్డం మీది చెమట నా అంచున పడింది. ఆమె ఒక వరస దగ్గర ఆగి, నన్ను దాని పక్కన పెట్టి పోల్చి చూసింది.

"రాజీ అయిన సెంపదెబ్బకి ఎవులూ ఉద్యోగం ఆపరయ్యా. రాసుంటే నేనే పంపేద్దును. లోపల ఓడలుంటాయి, ఆయుధాలుంటాయి. ఇంత సిన్నదే దాసినోడివి, రేపు ఎవుడైనా బెదిరిత్తే పెద్దది మాకు సెప్తావా?"

"నాను రాయనేదమ్మా. సూరిబాబు రాసినాడు."

"కింద సంతకం ఎవులిది?"

అతనిదే. కాగితం చిరిగేలా నొక్కి పెట్టిన పెద్ద పెద్ద అక్షరాలు. వాటిని దాచే శక్తి నాకు లేకపోయింది.

ఇప్పుడు "అనర్హుడు" ముద్రతో ఒక ఇనుప బీరువాలో ఉన్నాను. తాళం చప్పుడైతే ఈనాటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఎర్రయ్య రెండుసార్లు అర్జీ పెట్టాడు. రెండూ నా పక్కనే ఉన్నాయి. పొలానికి పరిహారం డబ్బు అడిగే హక్కు అతను వదులుకున్న కాగితమూ ఇక్కడే ఉంది. దాని ప్రకారం అతనికి పోయింది సర్వే నంబరు 87/2లో ఎకరా నలభై రెండు సెంట్ల మెట్ట, అందులో కాపుకొచ్చిన జీడిమామిడి చెట్లు ముప్ఫై ఒకటి.