మొదటి చీర

ఆ సీరియల్‌ని స్వరాజ్యం ఒక్కనాడూ చూడలేదు. వినడం మాత్రం ఒక్కరోజూ మానలేదు. బతుకుదెరువుకు వలస వచ్చిన పాండేసరలో వాళ్లుండేది ఒకటే గది. టీవీ ఒక గోడకు, స్టవ్వు ఎదురు గోడకు. రొట్టెలు చేసే మనిషి వీపు టీవీ వైపే ఉంటుంది. అందుకని ఆ వకీలు పొడుగో పొట్టో ఆమెకు తెలియదు గానీ, పొద్దున్నే తాగుతాడనీ, పెళ్లాం వదిలేసి పోయిందనీ, ఒకప్పుడు ఓ పిల్ల మాట నమ్మక కేసు పోగొట్టాడనీ, అప్పట్నుంచి దిక్కులేని పిల్లల కేసులే నెత్తినేసుకుని తిరుగుతున్నాడనీ తెలుసు.

"మనిషంటె గీడు రా భయ్! తాగితె తాగిండు, దిల్ ఉన్నది" అంటూ ఆమె భర్త బిక్షపతి తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటాడు. బోనులో పిల్ల వెక్కితే చాలు, అతనూ వెక్కుతాడు. ఆ తడి గొంతుతోనే, "ఏమే, చాయ్ అయిందా?" అంటాడు.

లాక్‌డౌన్ ఎత్తేసి మూడు నెలలు కావస్తున్నా, అతను పనిచేసే మగ్గాల కార్ఖానా తాళం తీయలేదు. మగవాడు ఇంట్లో ఉంటే ఇంటిపనికి ఇంకో రెండు చేతులు తోడవుతాయని ఎవరైనా అనుకుంటే వాళ్లంత అమాయకులు లేరు. చాయ్‌లు రెండు నుంచి ఐదయ్యాయి. మంచం కింద ఊడవాలంటే కాళ్లు ఎత్తమని బతిమాలుకోవాల్సి వచ్చింది. పొద్దంతా అతను పడుకునే ఉంటాడు, పొద్దంతా అతనికి ఒళ్లు నొప్పులే.

ఇల్లు నడుస్తున్నది చీరల మీద. స్వరాజ్యం, పదమూడేళ్ల కూతురు సింధూజ ఎదురెదురుగా కూర్చుని, చీరను ఒళ్లోకి లాక్కుని, అంచు పొడవునా మెరుపు రాళ్లు అంటిస్తారు. సింధూజ బడిని ఫోన్లో పెట్టారు. ఆ ఫోను తండ్రి దగ్గర ఉంది. అలా పిల్ల చదువు కూడా వీళ్ల పనిలో కలిసిపోయింది.

మూటకు పన్నెండు చీరలు. అయిన మూటను రెండు గల్లీల అవతల లక్ష్మీరాజం గోడౌన్‌లో అప్పజెప్పి కొత్తది తెచ్చుకోవాలి. లక్ష్మీరాజం తమవాడే, ఊరి దిక్కువాడు. బస్సులూ రైళ్లూ ఆగిపోయిన రోజుల్లో ఇంటింటికీ బియ్యం పంపించాడు. బిక్షపతి ఆయన పేరెత్తినప్పుడల్లా రెండు చేతులూ జోడిస్తాడు. కానీ మూట మోయమంటే మొదటిరోజే తేల్చేశాడు. "ఆడోళ్ల పని మూట నేను నెత్తినవెట్టుకోని పోవాల్నా? గల్లీల నా ఇజ్జత్ ఏం గావాలె?"

అత్త బాలవ్వకు మోకాళ్ల నొప్పులు. పొయ్యి మీద అన్నం. "సింధూ, నువ్వు పోయిరా బిడ్డా" అన్నది స్వరాజ్యమే. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ మాటను ఇంకెవరి నోట్లోనూ పెట్టలేకపోయింది.

రెండు నెలల నుంచి ప్రతి మూటలో ఒక చీర వాపసు వస్తోంది. రాళ్లు వంకరపోయాయని. వాపసు వచ్చిన దానికి కూలి లేదు సరికదా, రాళ్లన్నీ పీకి మళ్లీ కుదురుగా అంటించి ఇవ్వాలి. ఆ వంకర సింధూజ వైపుదే. మొదటిసారి తిట్టింది. మూడోసారి చెంప మీద కొట్టింది. "నీ సోయి ఏడున్నదే? చేతులు ఏం మేస్తున్నయ్?" పిల్ల ఏడవలేదు. చెంప తడుముకుని మళ్లీ రాయి అందుకుంది. ఎంత బుద్ధిగా పని చేస్తోందో అని అప్పుడు స్వరాజ్యం అనుకుంది కూడా. తల్లులు ఇంత గుడ్డివాళ్లు ఎలా అవుతారో!

ఆ సాయంత్రం అన్నం ఉడికేలోగా, ఇన్నాళ్లుగా పోగుపడిన వాపసు చీరలు ముందేసుకుని కూర్చుంది. వీపు వెనక వకీలు దగ్గి, గొంతు సవరించుకుని, జడ్జితో హిందీలో అంటున్నాడు. పిల్లలు నోటితో చెప్పరు సార్, వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో అక్కడ చూడండి.

బిక్షపతి "వహ్వా!" అన్నాడు.

స్వరాజ్యం చేతిలో చీర కొంగు చివర చిన్న పసుపు దారం ముడి ఉంది. మగ్గం మీద కొత్త పోగు ఎక్కించేటప్పుడు పుట్టింట్లో అలా కట్టేవాళ్లు. ఆ అలవాటుతో ఆమె కొత్త మూట విప్పగానే మొదటి చీరకు ఓ పసుపు దారం ముడేసి పని మొదలుపెడుతుంది. రెండో చీర తీసింది. దానికీ పసుపు ముడి. మూడోది, నాలుగోది. గబగబా అన్నీ కిందికి లాగింది. తొమ్మిది చీరలు, తొమ్మిదింటికీ ముడి. మిగతా చీరల్లో పిల్ల చేయి గీత గీసినట్టు కుదురుగా ఉంటుంది. వంకరపోయేది మొదటి చీర ఒక్కటే, గోడౌన్ నుంచి వచ్చిన వెంటనే కూర్చుని చేసే చీర.

చీరలు అక్కడే వదిలేసి లేచింది.

సింధూజ బయట నల్లా దగ్గర మాస్కులు ఉతుకుతోంది. స్వరాజ్యం వెళ్లి పక్కన గొంతుక్కూర్చుంది. ఏం అడగాలో తెలియక, "గోడౌన్ల ఏమైతది బిడ్డా?" అంది.

పిల్ల మాస్కు పిండుతూనే ఉంది. నీళ్లన్నీ పోయాక కూడా పిండింది.

"మాస్కు తియ్యమంటడు. మొఖం చూడనియ్ అంటడు." తల ఎత్తలేదు. "తర్వాత షటర్ దించుతడు. అమ్మా, రాళ్లు ఇగ సీదా పెడుత. నన్ను పంపకు."

స్వరాజ్యం పిల్లను ఒళ్లోకి లాక్కుంది. ఏడుపు రాలేదు. ఈ చెయ్యే గదా కొట్టింది అని తన చెయ్యి తనకే అసహ్యమనిపించింది.

లోపలికి వచ్చి చెప్పింది. నాలుగే మాటలు. బిక్షపతి టీవీ మీంచి చూపు తిప్పాడు.

"లక్ష్మీరాజం అన్ననా? మనకు బువ్వ పెట్టిన మనిషి! పని తప్పించుకోనీకి చెప్తున్నదది. గీ సీరియల్ల జూసి నేర్చుకున్నది, ఇంకేం లేదు."

ఇంతకుముందే ఎవరో పిల్ల కోసం ఏడ్చిన కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"జర మెల్లగ మాట్లాడు" అంది మూల నుంచి బాలవ్వ. "నిజమే అయితె మాత్రం ఏం జేస్తవ్? ఆడిపిల్ల పేరు గల్లీల పడ్డంక మల్ల మర్లి రాదు. ఇగ పంపకుర్రి, అయిపాయె. నేను గిట్లనే నోరు మూసుకోని ఎల్లదీసిన."

ఆ ఆఖరి మాటకు స్వరాజ్యం అత్త వైపు చూసింది. ముసలామె గోడ వైపు తిరిగిపోయింది. ఎన్నేళ్ల కిందటిదో, ఏ షటర్‌దో అది. పాపం అనిపించింది, భయమూ వేసింది. నోరు మూసుకుంటే సింధూజ కూడా ఏదో ఒకరోజు ఇలాంటి మూలలో కూర్చుని ఎవరో పిల్లకు ఇదే మాట చెబుతుంది.

బిక్షపతి సౌండు పెంచాడు.

స్టవ్వు ఆపింది. తొమ్మిది చీరలూ మడత పెట్టి మూట కట్టి నెత్తిన పెట్టుకుంది. పసుపు ముడులు పైకి కనిపిస్తున్నాయి.

"యాడికి? అన్నం పెట్టవా?"

"ఠాణాకు."

అతను లేచి నిలబడ్డాడు. ఇన్ని నెలల్లో అతను అంత వేగంగా లేవడం అదే మొదటిసారి. "పాగల్ అయినవా? ఎవలు నమ్ముతరు? పంపింది నువ్వేనాయె! నిన్నే అడుగుతరు!"

"అడగనీ. మొదలు నా తప్పే చెప్త. మూట ఇచ్చి తోలింది నేను, వంకరొచ్చిందని కొట్టింది నేను. అటెన్క ఆయనది చెప్త." గడప దగ్గర ఆగి అతన్ని చూసింది. "నీది అడిగితె అది గూడ చెప్త. దాసిపెట్ట."

టీవీలో వకీలు ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. బయట సింధూజ తడి మాస్కు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది, వేసుకోవాలో వద్దో తెలియనట్టు. స్వరాజ్యం మూట దించి, తన కొంగు చించి, ఆ పొడిగుడ్డను పిల్ల మొహానికి చుట్టి వెనక ముడేసింది.

"ఎవలు తియ్యమన్నా తియ్యకు బిడ్డా. జడ్జి అడిగినా సరే, నీకు తియ్యబుద్ధయితేనే తియ్యి."