ఆఖరి పేపర్

మందుల లెక్కలు చెప్పే మేడంకి ఆ మధ్యాహ్నం అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదు మరి? నర్సింగ్ కాలేజీ నోటీసు బోర్డు మీద ఫలితాలు అంటించారు, అందులో అక్క ఫెయిల్. అక్క అంటే క్లాసులో అందరికన్నా పెద్దది, ఇద్దరు పిల్లల తల్లి. క్లాసులోని పిల్లకాయలంతా ఆమెను అలాగే పిలుస్తారు. ఈ పేపర్ పోతే ఇక సీటు ఉండదు, మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోవడమే.

మేడం పద్ధతి వేరు. రోగికి మందు ఎంత ఎక్కించాలన్న లెక్కలో సగం ఒప్పు అంటూ ఏమీ ఉండదని ఆవిడ వాదన. అందుకే తప్పులు చేసినవాళ్లు కొత్త లెక్కలతో ఎన్నిసార్లయినా మళ్లీ రాయొచ్చని, ఆఖరి పేపర్‌కి వచ్చిందే మార్కని మొదటిరోజే మాటిచ్చింది. మొదట్లో అక్క పేపర్ చూస్తే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. దశాంశం చుక్క ఎక్కడో పెట్టి చంటిపిల్లకి ఏనుగు డోసు ఇచ్చేసేది. మేడం తిట్టింది, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది, మళ్లీ తిట్టింది. అక్క కూడా మొండిఘటమే. రాసి రాసి చివరికి నూటికి నూరు తెచ్చుకుంది.

మేడం తలుపైనా తట్టకుండా ప్రిన్సిపాల్ గదిలోకి దూసుకెళ్లింది.

"నేను నూరు వేసిచ్చాను కదా సార్. ఫెయిలెలా అయింది?"

"రాసినవన్నీ కలిపి సగటు తీశామమ్మా. రూలు అదే. క్లాసంతా పాసైపోతే కాలేజీ పరువేం కావాలి?"

క్లాసంతా నేర్చుకుంటే పరువు పోతుందట. ఆవిడ పళ్లు పటపట కొరికింది.

"మన ముందు బెంచీ హీరో ఒక్కసారి రాసి అరవై తెచ్చుకున్నాడు. చాల్లెమ్మని మళ్లీ పెన్ను ముట్టలేదు. వాడు పాసా?"

"అరవై అంటే ఫస్ట్ క్లాసు కదమ్మా."

"పదిమందిలో నలుగురికి తప్పు డోసు ఇచ్చేవాడు ఫస్ట్ క్లాసు, ఒక్కరికీ తప్పు ఇవ్వనిది ఇంటికి. రేపు మీకే జబ్బు చేస్తే సూది ఎవరిచేత పొడిపించుకుంటారు?"

"మీది మరీ జాలిగుండె."

"జాలి లేదు, గాడిద గుడ్డూ లేదు. పాఠం చెప్పాను, తను నేర్చుకుంది. అంతే."

అంతలో గుమ్మం దగ్గర అక్క కనబడింది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి, చేతిలో ఆఖరి పేపర్ ఉంది.

"మేడం, ఎక్కడ తప్పు చేశానో చెప్పండి. ఇవాళే కూర్చుని మళ్లీ రాస్తాను."

ఇన్నాళ్లూ మేడం నేర్పింది అదే. ఫెయిలంటే ఎక్కడో తప్పుంది, వెతికి దిద్దుకో అని. ఆ పేపర్ లాక్కుని ప్రిన్సిపాల్ బల్ల మీద పడేసింది.

"సార్‌ని అడుగు. చూపిస్తారు."

ప్రిన్సిపాల్ అలవాటుకొద్దీ ఎర్రపెన్ను తీశాడు. మొదటి లెక్క చూశాడు, రెండోది చూశాడు, పేజీ తిప్పాడు. ఆఖరిదాకా వెళ్లి పెన్ను పక్కన పెట్టేశాడు.

"పేపర్ బాగానే ఉంది," అన్నాడు.

"మరి ఎందుకు ఫెయిలయ్యాను సార్?"

ఆయన పేపర్ వెనక్కి ఇచ్చాడు. "మొదట్లో నీకు ఏమీ తెలియదు కదమ్మా."

"తెలియకే కదా సార్, కాలేజీలో చేరాను."